ఒంటరిగా ఉంటే తినాలనిపించేవి కూడా మారతాయా?

ప్రశ్న:
పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక మా పిన్నిగారు ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు. పప్పు, కూర, పులుసు లేనిదే కంచం ముందు కూర్చోని మనిషి, ఇప్పుడు ‘ఒక్క ప్రాణానికి ఏం వండుకుంటాం’ అంటూ ఆవకాయ, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నారు. కూతురు పంపిన ఓట్స్ డబ్బా మూతయినా తీయలేదు. మేము వెళ్లిన రోజున మాత్రం మాతో సమానంగా భోంచేస్తారు. ఒంటరితనం ఎంత తింటామన్నదాన్నే మారుస్తుందా, ఏది ఇష్టపడతామన్నదాన్ని కూడానా?

మొదటి జవాబు:
ఇష్టం విషయంలో స్పష్టమైన ఆధారాలు ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో ఉన్నాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బెనెట్ గేలెఫ్, విగ్మోర్‌తో కలిసి 1983లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక ఎలుకకు దాల్చినచెక్క గాని కోకో గాని కలిపిన మేత పెట్టి, తర్వాత దానిని మరో ఎలుకతో కాసేపు కలిసి ఉండనిచ్చారు. ఆ రెండో ఎలుక ముందు రెండు రకాల మేతనూ ఉంచితే, తోటిది తిన్నదాని వైపే ఎక్కువగా మొగ్గింది. ఎలుక ఊపిరిలో సహజంగా ఉండే కార్బన్ డైసల్ఫైడ్‌కు ఇందులో కీలకమైన పాత్ర ఉందని గేలెఫ్ బృందం 1988లో చూపింది. మేత వాసన దానితో కలిసి అందితే ఇష్టం బలంగా ఏర్పడుతుంది. కాబట్టి ఒంటరి ఎలుకకు మేత ఎంత దొరికినా, ఈ పాఠం దొరకదు. విచిత్రమేమిటంటే, తిన్న ఎలుక జబ్బుపడి ఉన్నా రెండోది ఆ మేతనే కోరుకుంటుంది.

రెండో జవాబు:
పై వివరణ బాగుంది గానీ, పిన్నిగారి విషయంలో ఓట్స్ డబ్బాకు మాత్రమే అది వర్తించవచ్చని నా అభిప్రాయం. ఎప్పుడో అలవడిన పప్పు, పులుసుల మీది ఇష్టం ఆవిడకు పోలేదని మీరు వెళ్లిన రోజున తినే తీరే చెబుతోంది. పోయింది తోడు. జాన్ డికాస్ట్రో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, జనం రాసుకున్న భోజన డైరీలను పరిశీలించి, పక్కన మనుషులు పెరిగేకొద్దీ తినే పరిమాణం పెరుగుతుందని గమనించారు. కొత్త రుచుల విషయంలో లియాన్ బర్చ్ 1980లో ప్రచురించిన అధ్యయనం చూడదగినది: తమకు అంతగా నచ్చని కూరగాయను ఇష్టంగా ఎంచుకునే తోటివారి పక్కన కొన్ని రోజులు కూర్చోబెడితే, బడి ఈడు రాని పిల్లలు కూడా దానినే ఎంచుకోసాగారు. పెద్దలకూ ఇది కొంత వర్తిస్తుందనుకుంటే, డబ్బా పంపడం కంటే ఆవిడతో కూర్చుని ఓట్స్ ఉప్మా తినడం మేలు.

మూడో జవాబు:
అన్నీ ఒంటరితనం ఖాతాలో వేయకండి. వయసు మీరాక వాసన తెలియడం తగ్గుతుంది, పళ్లు కదులుతాయి, కొన్ని మందులు నోటి రుచిని మారుస్తాయి. ఆవకాయ ఘాటు ఒక్కటే నాలుకకు తెలుస్తూ ఉండవచ్చు. బరువు తగ్గుతున్నట్లు కనిపిస్తే ముందుగా వైద్యునికి చూపించండి.