కొత్త గిటార్ యాంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మోత: లోపమా, స్వభావమా?

ఆరుతీగలు (విజయవాడ):
గత నెల 38,000 రూపాయలు పెట్టి 15 వాట్ల వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే) గిటార్ యాంప్లిఫయర్ కొన్నాను. సత్యనారాయణపురంలో రెండు గదుల ఇల్లు మాది. పగలు పిల్లలకు గిటార్ నేర్పుతాను, రాత్రి పది దాటాక ఆదివారం ఆరాధనలో వాయించవలసిన పాటలు సాధన చేసుకుంటాను. స్విచ్చి వేయగానే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తుమ్మెద రొదలాంటి మోత మొదలవుతుంది. వాల్యూమ్ సున్నాకు తగ్గించినా, గిటార్ కేబుల్ తీసేసినా, స్టాండ్‌బైలో పెట్టినా అది ఆగదు. స్పీకరుకు చెవి ఆనిస్తే నిశ్శబ్దంగానే ఉంటుంది, పెట్టె వెనుక ఇనుప చాసిస్ మీద చేయి వేస్తే మాత్రం సన్నని వణుకు తెలుస్తుంది. పక్క గదిలో అమ్మకు నిద్ర పట్టడం లేదు. అమ్మిన దుకాణానికి రెండుసార్లు మోసుకెళ్లాను. రెండుసార్లూ మధ్యాహ్నం పూట విని, వాల్వు యాంప్లు అన్నీ ఇలాగే ఉంటాయని చెప్పి పంపేశారు. వారి మాట నమ్మవచ్చా?

గుణదల కీబోర్డు:
ఎర్తింగ్ చూపించండి. నూటికి తొంభై పాళ్లు అదే.

రాగిచుట్ట (గుంటూరు):
ఎర్తింగ్ లోపమైతే మోత స్పీకరులో వినిపించాలి. వారు స్పీకరు నిశ్శబ్దంగా ఉందని స్పష్టంగా రాశారు. నేను అరండల్‌పేటలో ముప్ఫై ఏళ్లుగా ట్రాన్స్‌ఫార్మర్లు చుడుతున్నవాణ్ణి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రాగి తీగ చుట్టిన ఇనుప దిమ్మను కోర్ అంటారు. కోర్‌లోని ఇనుప రేకులు అయస్కాంత క్షేత్రం పెరిగినప్పుడల్లా అణువంత సాగి, తగ్గినప్పుడల్లా మళ్లీ యథాస్థితికి వస్తాయి. దీన్ని మాగ్నెటోస్ట్రిక్షన్ అంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, ఒక్కొక్క ఆవృత్తిలో క్షేత్రం ఇటొకసారి అటొకసారి శిఖరానికి చేరుతుంది కనుక కోర్ సెకనుకు 100 సార్లు వణుకుతుంది. మీరు వింటున్నది ఆ 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాల) స్వరమూ దాని గుణిజాలూ. వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ చేసేదీ అదే పని. రేకుల మధ్య వార్నిష్ సరిగా దిగకపోయినా, నాలుగు బోల్టులు వదులైనా ఆ వణుకు బయటికి పెద్దగా వినిపిస్తుంది. పలుచని ఇనుప చాసిస్ దానికి వీణ బుర్రలా తోడవుతుంది. బోల్టులు బిగించి, కాళ్ల కింద రబ్బరు వాషర్లు వేస్తే సగం తగ్గుతుంది. ఇది స్వభావమే, లోపం కాదు.

పటమట శ్రోత:
నాలుగు వారాల క్రితం కొన్న వస్తువును విప్పి బోల్టులు బిగించుకోమనడం ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు. విప్పిన మరుక్షణం వారంటీ పోతుంది. అంతకంటే ముఖ్యంగా, వాల్వు యాంప్లిఫయర్లలోని కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తరువాత కూడా మూడు నాలుగు వందల వోల్టులు పట్టి ఉంచుతాయి, తెలియని చేయి తగిలితే ప్రాణాలే పోవచ్చు. ఆరుతీగలు గారూ, మీరు దాన్ని ముట్టుకోకండి, లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా చాలు.

రాగిచుట్ట:
కెపాసిటర్ల గురించి మీరన్నది నిజం, ఆ పని తెలిసినవారి చేతనే చేయించాలని నేను రాయవలసింది. బోల్టు బిగించేటప్పుడు దాని చుట్టూ ఉన్న ఇన్సులేషన్ గొట్టం చిరగకుండా చూడాలి, చిరిగితే బోల్టు రేకులన్నిటినీ కలిపేసి కోర్ వేడెక్కుతుంది. కానీ 100 హెర్ట్జ్ మోతకు కోర్టుకు వెళ్లమనడం సరికాదు.

బ్రాడీపేట బేస్:
నాకు ఇలాగే వస్తే ప్లగ్గులో మూడో పిన్ను తీసేశాను, పోయింది.

రాగిచుట్ట:
దయచేసి ఆ పిన్నును ఈ రాత్రే తిరిగి పెట్టించండి. లోపల ఏ తీగ తెగి చాసిస్‌కు తగిలినా మీ గిటార్ తీగలన్నిటిలోకీ 230 వోల్టులు వస్తాయి, మీ చేతులు ఆ తీగల మీదే ఉంటాయి. మీకు పోయినది గ్రౌండ్ లూప్ మోత, అంటే రెండు పరికరాల ఎర్తింగ్ తీగలు కలిసి వలయంగా మారితే స్పీకరులో వచ్చేది, ఇక్కడి సమస్య అది కానే కాదు.

పటమట శ్రోత:
ఈ ఒక్క విషయంలో రాగిచుట్ట గారితో ఏకీభవిస్తున్నాను. కానీ 50 అయినా 100 అయినా రాత్రి పూట నిద్ర చెడగొట్టేది మోతే కదా! మూడేళ్ల క్రితం నేనూ ఒక యాంప్లిఫయర్ ఇలాగే వెనక్కి తీసుకెళ్లాను. పగటి పూట, బస్సుల హారన్ల మధ్య, ఫ్యాను కింద నిలబడి విని, ఏమీ లేదని, నాది భ్రమ అని నలుగురి ముందు అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చివరకు దాన్ని సగం ధరకు అమ్ముకున్నాను.

రాగిచుట్ట:
మీకు జరిగిన అవమానానికి విచారిస్తున్నాను, అయితే మోత 50 హెర్ట్జ్‌లో ఉందా 100లో ఉందా అన్నది తేల్చకుండా కారణం దొరకదు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. 100 హెర్ట్జ్ అయితే జి స్వరానికి కొద్దిగా పైన సూచిస్తుంది.

ఆరుతీగలు:
చూశాను, జి కంటే కొంచెం పైనే ఉంది. దానితోపాటు మరొక సంగతి గమనించాను. మధ్యాహ్నం రెండింటికి మల్టీమీటరులో 224 వోల్టులు వచ్చాయి, అప్పుడు మోత మూరెడు దూరంలో ఉంటేనే వినిపించింది. రాత్రి పదకొండుకు 252 వచ్చాయి, అప్పుడు గుమ్మం దాకా కరకరమంటూ వినిపించింది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మా ఇంటికి దగ్గర. కరెంటు పోయి పాత ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు మోత గరగరగా మారుతుంది. యాంప్లిఫయర్ వెనుక చీటీ మీద 220 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది.

రాగిచుట్ట:
ఇక సందేహం లేదు. 220కి చుట్టిన కాయిల్‌కు 252 ఇస్తే కోర్ మీద దాదాపు పదిహేను శాతం అదనపు భారం పడుతుంది, కోర్ సంతృప్త స్థితికి (ఇక అంతకంటే అయస్కాంతత్వం పట్టలేని స్థితికి) చేరి కరెంటును ఉలికిపాటుగా లాగుతుంది, ఆ ఉలికిపాటే మీరు వింటున్న కరకర. పాత ఇన్వర్టర్లు చాలావరకు చదరపు తరంగం ఇస్తాయి, ఆ గరగరకు కారణం అది. తప్పు కరెంటుది, ట్రాన్స్‌ఫార్మర్‌ది కాదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆరేళ్ల క్రితం ఒక స్టూడియో వారికి నేను చుట్టి ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మోగుతోందని తిప్పి పంపి, డబ్బు మొత్తం వెనక్కి తీసుకున్నారు. తరువాత తెలిసింది, వారి భవనంలో 260 వోల్టులు వస్తున్నాయని. రాగి ధర నాది, కూలి నాది, చెడ్డ పేరూ నాకే మిగిలింది. చట్టం చేతిలో ఉన్నవారు చిన్న పనివాడి గురించి కూడా ఒక్క క్షణం ఆలోచించాలి.

పటమట శ్రోత:
అసలు విషయం ఇప్పుడు బయటపడింది. నేను నిలదీస్తున్నది మీలాంటి పనివారిని కాదు. సరఫరా ప్రమాణం 230 అని నిర్ణయించిన దేశంలో 220 చీటీ అంటించి అమ్మినవారిని నిలదీస్తున్నాను. ప్రమాణం కంటే పది వోల్టులు తక్కువకు చుట్టిన కాయిల్, రాత్రిపూట పెరిగే వోల్టేజీకి ఎలా ఆగుతుంది? కరెంటు వచ్చేది వస్తువు కొన్నవాడి ఇంట్లో కాబట్టి తప్పూ కొన్నవాడిదే అంటే, మన ఊళ్లలో పనికొచ్చే వస్తువు ఇవ్వవలసిన బాధ్యత ఎవరిది? మీరు ట్రాన్స్‌ఫార్మర్ నిర్దోషి అంటున్నారు, నేను అమ్మకం దోషమంటున్నాను. ఇన్ని రోజులుగా మనం వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాం.

రాగిచుట్ట:
ఆ చీటీ సంగతి ఆలోచించవలసిందే. నేను చుట్టేవాటికి 240 ట్యాపు (240 వోల్టులకు సరిపడేలా కాయిల్ నుంచి తీసే అదనపు తీగ) తప్పకుండా పెడతాను, కాబట్టి ఇది నాకు ముందే తట్టవలసింది. ఆరుతీగలు గారూ, వీలైతే దాన్ని గుంటూరు తీసుకురండి. రాత్రి తొమ్మిది తరువాత మా వీధి సద్దుమణుగుతుంది. పెట్టె విప్పకుండానే వేరియాక్ (వోల్టేజీని కావలసినంత పెంచి తగ్గించే పరికరం) మీద 220, 230, 250 ఇచ్చి కలిసి విందాం.

ఆరుతీగలు:
శుక్రవారం రాత్రి వెళ్లాను. 220 వద్ద చెవి దగ్గర పెడితే తప్ప వినిపించలేదు. 230 వద్ద మెత్తని మోత, 240 దాటాక కరకర మొదలైంది, 250కి బల్ల మీది స్క్రూడ్రైవర్ కదిలింది. రాగిచుట్ట గారు డబ్బు తీసుకోలేదు. చూసినదంతా తమ షాపు కాగితం మీద తేదీతో రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆ కాగితమూ నా వోల్టేజీ పట్టికా జతచేసి, 240 ట్యాపు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వేసి ఇవ్వమని దుకాణానికి లేఖ రాశాను. అప్పటిదాకా రాత్రులు సైన్ వేవ్ స్టెబిలైజర్ మీద వాయిస్తున్నాను. ఇప్పుడు అమ్మ నిద్రపోతోంది.

గుణదల కీబోర్డు:
ఎర్తింగ్ కూడా ఒకసారి చూపించండి.

పటమట శ్రోత:
కాగితంలో 220 వద్ద మోత లేదని ఉంటే, దుకాణం వారు ఆ ఒక్క ముక్కే పట్టుకుంటారు. దాన్ని తీసేసి మళ్లీ రాయించుకోండి.

రాగిచుట్ట:
240 వద్ద మోగిందని ఎంత నిజంగా రాశానో, 220 వద్ద మోగలేదని అంత నిజంగానే రాశాను. ఆ పంక్తి కొట్టివేయను. ఎవరైనా అడిగితే రాత్రి తొమ్మిది తరువాత రమ్మనండి, వారికీ వినిపిస్తాను.