రింక్ టైమ్ వారానికి రెండు గంటలే, ఇంట్లో స్టిక్ హ్యాండ్లింగ్, పాసింగ్ ఎలా చేయించాలి?

బ్రాంప్టన్_నాన్న:
అందరికీ నమస్కారం. మా బాబుకి తొమ్మిదేళ్ళు, ఈ సీజన్ నుంచే హౌస్ లీగ్‌లో ఐస్ హాకీ ఆడుతున్నాడు. స్కేటింగ్ బాగానే వచ్చింది గానీ పక్ (ఐస్ మీద జారే గుండ్రటి రబ్బరు బిళ్ళ) అందగానే తల దించేసి దాన్నే చూస్తుంటాడు, ఈలోపు అవతలి పిల్లాడు వచ్చి లాక్కుపోతాడు. ఎవరైనా పాస్ ఇస్తే అది స్టిక్ అడుగున ఉండే బ్లేడ్‌కి తగిలి నాలుగడుగులు అవతలికి ఎగిరిపోతుంది. కోచ్ ఓపిగ్గానే చెప్పాడు, "ఇంట్లో రోజూ కాసేపు చేయించండి, కింది చెయ్యి లూజుగా పెట్టమనండి" అని. నేను విజయవాడలో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆడినవాణ్ణి కాదు, ఏది ముందు చేయించాలో తెలియడం లేదు.

డ్రైవ్‌వే మీద మామూలు పక్‌తో రెండు రోజులు చేయించాను. పక్ జారదు, అంచు మీద లేచి చక్రంలా దొర్లి వీధిలోకి పోతుంది. పైగా కొత్త స్టిక్ బ్లేడ్ అడుగంతా తారుకి రాసుకుని గరుకుగా అరిగిపోయింది, అది చూసి వాడు ఏడ్చేశాడు. బేస్‌మెంట్‌లో ఒక కారు పట్టేంత చోటు ఉంది. ఏం కొనాలి, ఏం అక్కర్లేదు, రోజుకి ఎంతసేపు చేయించాలి, కాస్త చెప్పండి.

సాస్కటూన్_అమ్మ:
మా అమ్మాయి ఆరేళ్ళుగా ఆడుతోందండి, మీరు చెప్పినవన్నీ మా ఇంట్లోనూ జరిగాయి. మ్యాచ్‌కి వాడే స్టిక్‌ని మాత్రం తారు మీద ఇంకెప్పుడూ పెట్టనివ్వకండి. ఇంతకుముందు వాడిన పాత స్టిక్ ఏదైనా దాచి ఉంచారా? బయట ప్రాక్టీసుకి అదే సరిపోతుంది, ఎందుకో చెప్తాను. స్కేట్లు వేసుకుంటే పిల్లలు రెండు మూడు అంగుళాలు ఎత్తు పెరుగుతారు, మామూలుగా స్టిక్‌ని ఆ ఎత్తుకి గడ్డం దగ్గరికి వచ్చేలా కోయిస్తాం. అదే స్టిక్‌ని బూట్లతో పట్టుకుంటే పొడవైపోయి, పై చెయ్యి పొట్టకి తగిలి అక్కడే ఇరుక్కుపోతుంది, పక్‌ని ఈ పక్క నుంచి ఆ పక్కకి తీసుకురావాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వస్తుంది. పాత స్టిక్ ఎలాగూ పొట్టిదే కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు.

బేస్‌మెంట్‌లో సిమెంటు నేల అయితే పైన ఒక ప్లాస్టిక్ షూటింగ్ ప్యాడ్ వేయండి. హార్డ్‌వేర్ షాపుల్లో బాత్రూమ్ గోడలకి వేసే తెల్లటి నున్నటి ప్యానెల్ షీట్ దొరుకుతుంది, మేము మొదటి రెండేళ్ళు దాంతోనే నడిపించాం. దాని మీద అసలు పక్ చక్కగా జారుతుంది. పక్‌తో పాటు చిన్న చెక్క బంతి ఒకటి, ఒక గోల్ఫ్ బంతి ఉంటే చాలు. బంతి తేలిక కదా, చేతులు త్వరగా కదలడం దాంతో వస్తుంది. అసలు పక్ 160 గ్రాముల దాకా బరువు ఉంటుంది, బరువు తెలియాలంటే మాత్రం దాన్నే వాడాలి. లైట్లు మెరిసే యంత్రాలు ఇప్పుడే వద్దు.

సికింద్రాబాద్_ఫార్వర్డ్:
అన్నా, కింది చెయ్యి గురించి నేను చెప్తాను. నేను కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్‌లో గడ్డి మీద, ఆ తర్వాత టర్ఫ్ మీద హాకీ ఆడాను, ఇప్పుడు న్యూజెర్సీలో పెద్దవాళ్ళ లీగ్‌లో ఐస్ మీద ఆడుతున్నాను. మన హాకీలో స్టిక్‌కి ఒక వైపే చదును, ఆ వైపుతోనే బంతిని ఆడాలి, అందుకే స్టిక్‌ని బంతి మీదుగా తిప్పుతూ ఉంటాం. తిప్పేది పైనున్న ఎడమ చెయ్యి. కింద కుడి చెయ్యి ఒక గొట్టంలా ఉంటుంది, స్టిక్ అందులో తిరుగుతుంది అంతే. ఐస్ మీద బ్లేడ్ రెండు వైపులా వాడొచ్చు కాబట్టి అంత తిప్పక్కర్లేదు గానీ సూత్రం అచ్చంగా ఇదే. పై చేతి మణికట్టు తిరిగితే బ్లేడ్ పక్ మీదికి గొడుగులా వంగుతుంది, పక్ దాని కిందే ఉండిపోతుంది. కింది చెయ్యి బిగిస్తే బ్లేడ్ నిటారుగా అయి పక్‌ని గోడలా కొడుతుంది, అది ఎగిరిపోతుంది.

నువ్వు క్రికెట్ ఆడావు కదా, బాటమ్ హ్యాండ్ బిగిస్తే డ్రైవ్ గాల్లోకి లేస్తుందని చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇదీ దాదాపు అలాంటిదే.

ఇంకో మాట, బాబుది ఏ చేతి వాటం, కింద ఏ చెయ్యి పెడుతున్నాడు? బ్యాట్ పట్టినట్టు కుడి చెయ్యి కింద పెడుతుంటే పైన ఉన్నది వాడి ఎడమ చెయ్యి, అంటే బలహీనమైనది. కెనడాలో కుడిచేతి వాటం పిల్లలు చాలామంది కుడి చెయ్యే పైన పెడతారు. ఇప్పుడు మార్చమని అనడం లేదు, వాడికి ఎలా సుఖంగా ఉంటే అలాగే ఉంచు. కానీ పై చెయ్యి ఒక్కదానితోనే, రెండోది వెనక పెట్టుకుని, రోజూ రెండు నిమిషాలు పక్‌ని అటూ ఇటూ ఆడించాలి. మొదటి వారం పక్ ఎక్కడికో పోతుంది, మణికట్టు నొప్పి అంటాడు, అనగానే ఆపెయ్.

కాల్గరీ_గోలీ_నాన్న:
మేము ఉండేది అపార్ట్‌మెంట్, కింద పెద్దాయన ఒకరు ఉంటారు. షీట్ కింద యోగా మ్యాట్ రెండు పొరలు వేశాక చప్పుడు చాలా తగ్గింది. మీకు బేస్‌మెంట్ కాబట్టి ఆ బాధ లేదు, పాసింగ్ గురించి చెప్తాను.

ఒక టూ బై ఫోర్ కర్రని (ఇళ్ళ కట్టుబడిలో వాడే పొడవాటి చెక్క) షీట్ చివర పడుకోబెట్టి, వెనక బరువు పెట్టి కదలకుండా చేయండి. ఆరేడు అడుగుల దూరంలో నిలబడి దానికేసి పాస్ ఇస్తే తిరిగి వస్తుంది, మెల్లగా వస్తుంది, మొదట్లో అదే మంచిది. వేగంగా తిప్పికొట్టే రబ్బరు రిబౌండర్లు తర్వాత చూసుకోవచ్చు.

పాస్‌ని చెవితో వినండి. "టక్" అని వినిపించిందంటే కొట్టాడన్నమాట. పక్ బ్లేడ్ హీల్ (కర్రకి కలిసే చోటు) దగ్గర మొదలై టో (బ్లేడ్ కొన) వైపు దొర్లుతూ వదిలితే "స్స్" అని రాపిడి ఒక్కటే వినిపిస్తుంది, వదిలాక బ్లేడ్ ఎవరికి పంపాడో వాళ్ళ వైపే చూస్తూ ఉండాలి. తీసుకునేటప్పుడు కూడా అంతే, బ్లేడ్‌ని ముందుకి పంపి, పక్ తగులుతుండగా దాంతో పాటే వెనక్కి తీసుకోవాలి. స్లిప్స్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం చూడండి, సరిగ్గా అలా. అదైతే మీరే చూపించగలరు వాడికి.

తల ఎత్తడానికి మేం చేసేది: మా వాడు పక్ ఆడిస్తుంటే నేను ఎదురుగా నిలబడి వేళ్ళు చూపిస్తాను, ఎన్నో తెలుగులో చెప్పాలి. పక్‌ని కంటి అంచుతో చూడటం అలవాటైంది, అంకెలూ వచ్చాయి.

రోజుకి పది పదిహేను నిమిషాలు చాలండి. మీ ఒంటారియోలోనే బ్రాంట్‌ఫర్డ్‌లో వాల్టర్ గ్రెట్స్కీ పెరట్లో ఐస్ పోసి, డబ్బాలు పెట్టి, తర్వాత ఐస్ హాకీలో దిగ్గజమైన కొడుకు వేన్ చేత వాటి మధ్యలోంచి పక్ తీయించిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ బేస్‌మెంట్‌లో ఆ డబ్బాల బదులు నీళ్ళ సీసాలు పెట్టండి.

బ్రాంప్టన్_నాన్న:
మూడు వారాలైంది, చెప్దామని వచ్చాను. షీట్ తెచ్చాం, పాత స్టిక్ స్టోర్‌రూమ్‌లో దొరికింది. ఫార్వర్డ్ గారూ, మీరన్నట్టే కుడి చెయ్యి కిందే పెడుతున్నాడు, నేను నేర్పిన బ్యాట్ పట్టే పద్ధతే కారణం అనుకుంటా. ఒంటి చేత్తో మొదటి నాలుగు రోజులు చాలా విసుక్కున్నాడు. నిన్న రాత్రి అన్నం తిన్నాక నేను పిలవకుండానే కిందికి వెళ్ళాడు, మెట్ల మీద నిలబడి విన్నాను, పది పాస్‌లలో ఆరు "స్స్" అని వినిపించాయి. మ్యాచ్‌లో తల ఇంకా దిగిపోతూనే ఉంది, కాకపోతే ఆదివారం ఒక పాస్ బ్లేడ్ మీదే ఆగింది, ఆగినందుకు వాడే ఆశ్చర్యపోయి అక్కడే నిలబడిపోయాడు. ఇక పక్‌ని గాల్లో లేపి ఎదుటివాడి స్టిక్ మీదుగా పంపే సాసర్ పాస్ నేర్పమంటున్నాడు, ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

సాస్కటూన్_అమ్మ:
మొదలుపెట్టండి, సరదాగానే ఉంటుంది. కాకపోతే పక్ గాల్లో కూడా బల్లపరుపుగా గిరగిరా తిరుగుతూ వెళ్ళి, అలాగే బల్లపరుపుగా దిగాలి, అంచు మీద దిగితే అవతలివాళ్ళకి అందదు. నేల మీద స్టిక్ ఒకటి అడ్డంగా పడేసి దాని మీదుగా పంపమనండి, అంత ఎత్తు చాలు. ట్యూబ్ లైట్లు ఉన్న వైపుకి మాత్రం వద్దు.