తడితే స్వైప్ అనుకుంటోంది, రాత్రిళ్లు దానంతటదే వెలుగుతోంది: ఈఎస్‌పీ32 టచ్ స్విచ్

ప్రశ్న:
అన్నలూ, వంటగది లైటుకి టచ్ స్విచ్ చేస్తున్నా. ఈఎస్‌పీ32 బోర్డు (ముట్టుకుంటే పసిగట్టే పిన్నులున్న చిన్న కంట్రోలర్ బోర్డు), 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు వెనక నాలుగు రాగి టేపు పట్టీలు. తడితే లైటు వెలగాలి, మళ్లీ తడితే ఆరాలి. వేలు కుడికి జరిపితే వెలుతురు పెరగాలి, ఎడమకైతే తగ్గాలి. ల్యాప్‌టాప్‌కి పెడితే పర్లేదు, పదిసార్లు తడితే రెండుసార్లు స్వైప్ అనుకుంటుంది. ఫోన్ చార్జర్‌కి పెడితే మాత్రం ఎవరూ ముట్టకుండానే వెలుగుతోంది. రాత్రి రెండింటికి వెలిగేసరికి అమ్మ దొంగలనుకుని లేచింది. థ్రెషోల్డ్ (పట్టీ రీడింగు ఏ అంకె కంటే తగ్గితే ముట్టినట్టు లెక్కో ఆ హద్దు) 40 పెడితే అసలు పలకదు, 60 పెడితే ఇదీ గోల.

జవాబు:
తమ్ముడూ, థ్రెషోల్డ్ సంగతి కాసేపు వదిలెయ్. ముందు నాలుగు పట్టీల రీడింగులూ చూడు. చార్జర్ మీద ఉన్నప్పుడే చూడాలి, వైఫైలో పంపించుకో. ల్యాప్‌టాప్‌కి పెట్టావంటే జబ్బు దాక్కుంటుంది.

అడిగినవారు:
చూశానన్నా. ముట్టనప్పుడు 62, వేలు పెడితే 54. చార్జర్ మీద ముట్టకపోయినా 57 నుంచి 66 దాకా ఊగుతోంది.

జవాబు:
అదే మరి. వేలు తెచ్చే తేడా 8, చార్జర్ నాయిస్ (దానివల్ల రీడింగు ఊరికే ఊగడం) దాదాపు అంతే. కోడ్ ఒక్కటే దీన్ని దాటించలేదు. టేపుకీ షీటుకీ మధ్య గాలి లేకుండా అంటించు, పట్టీలు వెడల్పు చెయ్, వేరే అడాప్టర్ పెట్టి చూడు. ఆ తర్వాత ఐదు రీడింగులు తీసుకుని, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి మధ్యది వాడు.

స్థిరమైన థ్రెషోల్డ్ కూడా తీసెయ్. ముట్టనప్పటి విలువను మెల్లగా వెంబడించే బేస్‌లైన్ పెట్టుకో, వేలు ఉన్నంతసేపూ దాన్ని కదలనివ్వకు. లేదంటే వేలు ఉన్నప్పటి విలువనే ముట్టనప్పటిది అనుకుంటుంది. ముట్టాడనడానికి బేస్‌లైన్ నుంచి 5 తగ్గాలి, వదిలాడనడానికి ఆ తేడా 3 లోపుకి రావాలి. రెండూ ఒకే అంకె అయితే అంచు మీద టకటకలాడుతుంది.

ఇక తడితే స్వైప్ ఎందుకవుతోందంటే, వేలు ఎత్తేటప్పుడు నిటారుగా లేవదు, కొన వైపు దొర్లుతుంది. ప్రతి పట్టీలో తగ్గినదాన్ని దాని వరుస సంఖ్యతో గుణించి, మొత్తం తగ్గుదలతో భాగిస్తే వేలు స్థానం వస్తుంది కదా. ఎత్తే క్షణంలో ఆ మొత్తమే చిన్నదై, కాస్త నాయిస్‌కే స్థానం 2.1 నుంచి 3.4కి ఎగురుతుంది. కాబట్టి మొదటి రెండు, చివరి మూడు రీడింగులు పారేసి, మిగిలిన వాటిలో ఒక పట్టీ కంటే ఎక్కువ జరిగితేనే స్వైప్ అను. నాకు ఇది తట్టడానికి రెండు ఆదివారాలు పోయాయి.

పట్టీల అంచులు రంపం పళ్లలా కత్తిరించి ఒకదాన్లో ఒకటి దూర్చు. వేలు ఎప్పుడూ రెండిటి మీద పడుతుంది, వెలుతురు మెట్లుమెట్లుగా మారదు.

మరొకరు:
పిన్నులు 4, 27, 32, 33 తీసుకోండి. 0, 2, 12, 15 బూట్ అయ్యేటప్పుడు చిక్కు పెడతాయి. ఈఎస్‌పీ32-ఎస్3 అనే కొత్త రకం బోర్డులో ముడితే అంకె తగ్గదు, పెరుగుతుంది. పాత కోడ్ అలాగే పెట్టేయకండి.

అడిగినవారు:
టేపు మళ్లీ అంటించా, అడాప్టర్ మార్చా. తేడా 15 దాకా వస్తోంది, నిన్న రాత్రి వెలగలేదు. ఒక్కటే మిగిలింది, అమ్మ తడిగుడ్డతో తుడిస్తే లైటు పిచ్చెక్కినట్టు ఆడుతోంది.

జవాబు:
నాలుగు పట్టీలూ ఒకేసారి తగ్గితే అది వేలు కాదు. నాలుగూ మామూలుకి వచ్చేదాకా ఏ సైగా లెక్కలోకి తీసుకోకు. తడి ఆరక అలాగే ఉండిపోతే అర నిమిషం తర్వాత బేస్‌లైన్ కొత్తగా పట్టుకో.