గిట్ "తాజా"గా ఉందంటోంది, నిజానికి పాతది. తెలుగులో ఏమనాలి?

కంప్యూటర్లో ఉబుంటు 22.04 (ఒక రకం లినక్స్) వాడుతున్నాను, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ అందులోనే ఉంది. కొత్త బ్రాంచిని (మార్పుల విడి పాయని) మొదటిసారి పుష్ చేసినప్పుడు, అంటే సర్వర్‌కి పంపినప్పుడు, అప్‌స్ట్రీమ్ (అక్కడ దానికి జతగా ఉండే బ్రాంచి) దానంతటదే పెట్టుకునే సెట్టింగు ఒకటుంది కదా, అది పెట్టాను. పెట్టినప్పుడు ఎర్రర్ రాలేదు, పనీ చేయలేదు. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది: ఆ సదుపాయం గిట్ 2.37లో వచ్చింది, నా దగ్గరున్నది 2.34.1. సరేనని ఆప్ట్ (ఉబుంటులో ప్రోగ్రాములు తెచ్చి వేసేది) ఇన్‌స్టాల్ కొడితే, సరికొత్తదే ఉంది పొమ్మంది. మా తమ్ముడి కోసం ఈ సందేశాలు తెలుగులో రాసి పెడుతున్నాను. "తాజా కూర్పు ఇప్పటికే ఉంది" అంటే అబద్ధం రాసినట్టుంది. ఏమంటే బాగుంటుంది?

*

అబద్ధం కాదండీ, సగం నిజం. కొట్లో "ఇంతకంటే కొత్త సరుకు లేదమ్మా" అంటే ఆ కొట్టు సంగతే, ఊరి సంగతి కాదు. "మా దగ్గర ఇంతకంటే కొత్తది లేదు" అని రాయండి. "కూర్పు" మాత్రం ఉంచండి, తెలుగు వికీపీడియాలో "కూర్పుల మధ్య తేడాలు" చూసి చూసి అలవాటైన మాటే.

*

అసలు తాజా వేరు, కొత్త వేరు. తాజా ఫారసీ నుంచి వచ్చింది. తాజా కూరలు, తాజా వార్తలు అంటాం, తాజా చీర అనం. ఉంచితే చెడేదానికే ఆ మాట. దానికి ఎదురు "నిలవ". నిలవ కూర అంటే మొహం తిప్పుకుంటాం, నిలవ పచ్చడి అయితే అడిగి వేయించుకుంటాం. మీ 22.04 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతు ఉండే కూర్పు) ఆవకాయ జాడీ లాంటిది. 2022 ఏప్రిల్‌లో పెట్టారు, అయిదేళ్లు ఉండాలి. గిట్‌లో భద్రతా లోపం బయటపడితే 2.34.1ని అలాగే ఉంచి, ఆ మరమ్మతు ఒక్కటే తెచ్చి కలుపుతారు, చివరనున్న ఉబుంటు అంకె మాత్రం పెరుగుతుంది. జాడీలో నూనె తగ్గితే మళ్లీ కాచి చల్లార్చి పోయడం లేదూ? కాబట్టి "నిలవ కూర్పు" అనండి. రోటి పచ్చడే కావాలంటే గిట్-కోర్ పీపీఏ (ఉబుంటు సొంత కొట్టు కాక, కొత్త గిట్ దొరికే విడి కొట్టు) ఉంది.

*

పీపీఏ కలిపాను, ఆప్ట్ అప్‌డేట్ కూడా కొట్టాను. వెర్షన్ అడిగితే మళ్లీ అదే 2.34.1!

*

అప్‌డేట్‌తో సరుకుల చీటీ మారుతుంది, సరుకు రాదు. గిట్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టండి. ఈ "నవీకరణ" అనే మాటతో వచ్చిన చిక్కే ఇది, అప్‌డేట్‌కీ అదే, అప్‌గ్రేడ్‌కీ అదే. నేనైతే మొదటిదాన్ని "జాబితా తెచ్చుకో" అని, రెండోదాన్ని "కొత్తవి వేసుకో" అని రాస్తాను.

*

వచ్చేసిందండీ, పుష్ కూడా అయింది. "జాబితా తెచ్చుకో" తమ్ముడికి వెంటనే అర్థమైంది. "నిలవ కూర్పు" చూపిస్తే మాత్రం, "పాచిపోయిందా అక్కా?" అన్నాడు.