ఫ్లెక్సీలు కాకుండా హైస్కూల్లో ఏం చూడాలి?

ప్రశ్న: పాపని ఎనిమిదిలో చేర్చాలి. అమలాపురం చుట్టుపక్కల ఏ ఫ్లెక్సీ చూసినా 600కి 590 పైనే. అసలు చదువు బాగుందని ఎలా తెలుస్తుందండీ?

జవాబు 1: తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో పది పరీక్ష రాసిందెంతమందో అడగండి. వెనకబడినవాళ్లకి ముందే టీసీ ఇచ్చేస్తే నూటికి నూరు పాసవుతారు. టాపర్లని వదిలేసి క్లాసు మధ్యలో ఉన్నవాళ్ల మార్కులు చూడండి.

జవాబు 2: ఓ సగటు పిల్లాడి లెక్కల నోటు తెరవండి. అన్నీ టిక్కులే ఉంటే బోర్డు మీదది ఎక్కించినట్టే. తప్పిన మెట్టు దగ్గరే ఎర్ర సిరా, దాని కింద పిల్లాడు మళ్లీ చేసిన లెక్క ఉండాలి.

జవాబు 3: సైన్స్ రికార్డులు కూడా నాలుగు తిప్పండి. కటకం (లెన్స్) ప్రయోగంలో అందరికీ దూరాలు మిల్లీమీటరు తేడా లేకుండా ఉంటే ల్యాబ్ తలుపు తీయనట్టే. నిజంగా కొలిస్తే కాస్తయినా తేడా వస్తుంది.