అప్‌డేట్: ఆక్‌లోకి షెల్ వేరియబుల్ వెళ్లింది, మిర్చి లెక్క తేలింది

మొన్న నేను అడిగింది ఇది: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మా బావ అడ్తి కొట్టు మిర్చి లెక్కల ఫైల్ ఉంది. కామాలతో విడదీసిన ఐదు కాలమ్‌లు: తేదీ, రకం, బస్తాలు, క్వింటాళ్లు, ధర. షెల్‌లో (కమాండ్‌లు టైప్ చేసే చోట) 'కాలమ్' అనే వేరియబుల్‌కు 5 ఇచ్చి, ఆక్‌లో (awk, ఫైల్‌ను లైను లైనుగా చదివి కాలమ్‌లు తీసే టూల్) డాలర్ కాలమ్ ($కాలమ్, అంటే ఆ నంబర్ కాలమ్) ప్రింట్ చేయమంటే ధర బదులు లైను మొత్తం వచ్చేది.

కారణం దొరికింది. ఆక్ ప్రోగ్రామ్‌ను సింగిల్ కోట్స్‌లో రాశాను, వాటి లోపల షెల్ వేలు పెట్టదు. ఆ డాలర్‌ను ఆక్ తనదిగానే చూస్తుంది. 'కాలమ్' అనే పేరు దానికి తెలియదు కాబట్టి విలువ సున్నా. డాలర్ సున్నా అంటే లైను మొత్తం! ఎర్రర్ రాకపోవడం వల్లే రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను.

మీరు చెప్పినట్టే ప్రోగ్రామ్‌కు ముందు మైనస్ వి (-v) ఆప్షన్ పెట్టి, ఆక్ వేరియబుల్‌కు షెల్ విలువ ఇచ్చాను. ధరలు టకటకా వచ్చాయి. చాలా థ్యాంక్స్ అన్నా.

తర్వాత రకం పేరు కూడా అలాగే పంపాను. తేజకు సరిగ్గా వచ్చింది, వండర్ హాట్‌కు మాత్రం 'ఫైల్ తెరవలేను' అంది. పేరు మధ్యలో ఖాళీ ఉంది కదా, షెల్ దాన్ని రెండు ముక్కలు చేసింది. ఆక్ ఏమో 'హాట్'ను ప్రోగ్రామ్ అనుకుని, నా అసలు ప్రోగ్రామ్‌ను ఫైల్ పేరు అనుకుంది. షెల్ వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టాక సరిపోయింది.

పేర్లలో బ్యాక్‌స్లాష్ ఉన్నవాళ్లు జాగ్రత్త, మైనస్ వి దాన్ని మార్చేస్తుంది. అలాంటప్పుడు వేరియబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆక్‌లో ఎన్విరాన్ (ENVIRON) అనే అరే, అంటే ఎక్స్‌పోర్ట్ చేసిన విలువలు ఉండే జాబితా నుంచి తీసుకోవడమే మంచిది.

ఇప్పుడు రకం వారీగా క్వింటాళ్ల మొత్తం కూడా వస్తోంది. బావ చిట్టా పుస్తకంతో పోల్చి చూశాం, తేడా లేదు.