అమ్మాయి స్పెల్‌మన్‌లో సోషియాలజీ చదువుతానంటోంది, తెలిసినవాళ్ళు చెప్పండి

కమ్మింగ్ అమ్మ:
అందరికీ నమస్కారం. మేం అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటాం. మా పెద్దమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు పన్నెండో తరగతి. మార్కులు బాగానే వస్తాయి. జార్జియా టెక్, లేదంటే యూజీఏ (యూనివర్సిటీ ఆఫ్ జార్జియా) అనుకుంటూ వచ్చాం. ఇప్పుడేమో స్పెల్‌మన్ కాలేజీకి కూడా అప్లై చేస్తాను, సోషియాలజీ చదువుతాను అంటోంది. స్కూల్లో డిబేట్ నేర్పిన టీచరు అక్కడే చదివిందట. మావారికి రెండు బెంగలు. సోషియాలజీతో ఏం ఉద్యోగం వస్తుందని ఒకటి. నల్లజాతి అమ్మాయిల కాలేజీలో మన పిల్ల ఒంటరిదైపోతుందేమోనని రెండోది. నాకింకో సందేహం: లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో అసలేం చెప్తారు? మా రోజుల్లో బైపీసీ, ఎంపీసీ దొరకనివాళ్ళు వెళ్ళేది ఆర్ట్స్‌కి. తిట్టకుండా చెప్పండి.

పాత మేష్టారు:
అమ్మా, తిట్టేదేముంది, మన ఇళ్ళన్నిట్లోనూ అదే మాట. నేను అమెరికా దక్షిణాదిన ఒక నల్లజాతి విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీరు చెప్పే కాలేజీ కాదు గానీ ఆ వాతావరణం తెలుసు. ముందు మీ సందేహమే తీసుకుంటాను. మీవారి బెంగల్లో ఒకటి అక్కడే సగం తీరుతుంది.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్, బయాలజీ కూడా ఉంటాయి. తేడా చదివించే పద్ధతిలో. చేరిన రోజునే ఒక సబ్జెక్టుకి కట్టేయరు. కొన్నాళ్ళు చరిత్ర, సైన్సు, ఒక భాష, తత్వం, గణాంకాలు అన్నీ రుచి చూపించి, మామూలుగా రెండో ఏడాది ముగిసేలోపు మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు ఏదో చెప్పమంటారు. క్లాసులు చిన్నవి. వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు, చదివింది చెప్పాలి, చెప్పింది రాయాలి, రాసింది దిద్దించుకుని మళ్ళీ రాయాలి. స్పెల్‌మన్‌లో మొదటి ఏడాది పిల్లలకి ‘ఆఫ్రికన్ డయాస్పోరా అండ్ ద వరల్డ్’ అనే కోర్సు ఉంటుంది. ఏ మేజర్ తీసుకోబోయేవాళ్ళయినా చదవాల్సిందే. ఇవాళ సోషియాలజీ అంటున్న పిల్ల రేపు కంప్యూటర్ సైన్స్‌లో తేలినా ఆశ్చర్యం లేదు. చరిత్ర చదవడానికి వచ్చి నా క్లాసులో కూర్చుని లెక్కల పిచ్చిలో పడ్డ పిల్లల్ని చూశాను.

ఇక నల్లజాతి కాలేజీల్లో ఈ చదువుకి ఉన్న బరువు వేరు. ఇది చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు. బానిసత్వం ఉన్న రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసకి అక్షరాలు నేర్పడం నేరం. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ మరుసటేడాదే నాష్‌విల్‌లో ఫిస్క్, 1867లో వాషింగ్టన్‌లో హోవర్డ్, జార్జియాలో ఇప్పటి మోర్‌హౌస్ మొదలయ్యాయి. ఫిస్క్‌లో లాటిన్, గ్రీకు చెప్పేవారు. బడి నడపడానికి డబ్బుల్లేక 1871లో విద్యార్థులే ఊరూరా పాటలు పాడుతూ చందాలు పోగుచేశారు. ఆ పాటల డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఉంది. నల్లవారి హక్కుల కోసం పోరాడిన పండితుడు డబ్ల్యూ.ఈ.బి. డూబోయ్స్ 1888లో అక్కడే డిగ్రీ పూర్తిచేశాడు.

అప్పుడొక పెద్ద తగాదా నడిచింది. అలబామాలో టస్కీగీ బడిని నడిపిన బుకర్ టి. వాషింగ్టన్, ముందు చేతిపని నేర్చుకోండి, నాలుగు డబ్బులు సంపాదించండి, మిగతా హక్కులు మెల్లగా అవే వస్తాయన్నాడు. 1895లో మీ అట్లాంటాలోనే ఆ ఉపన్యాసం ఇచ్చాడు. డూబోయ్స్ ఒప్పుకోలేదు. మా పిల్లలకి వడ్రంగమే చాలని ఎవరు తేల్చారు, కవిత్వం, చరిత్ర, తత్వం మాకెందుకు అక్కర్లేదు అన్నాడు. నా మట్టుకు నేను డూబోయ్స్ పక్షమే. అలాగని వాషింగ్టన్‌ని తీసిపారేయను. టస్కీగీ పిల్లలు ఇటుకలు కాల్చి తమ బడి తామే కట్టుకున్నారు, అదేమీ చిన్న సంగతి కాదు. మీ స్పెల్‌మన్ కూడా టస్కీగీ పుట్టిన 1881లోనే పుట్టింది, అట్లాంటాలో ఒక చర్చి కింద నేలమాళిగలో, 11 మంది విద్యార్థినులతో.

ఈ తగాదా ఇంకా తెగలేదు. హోవర్డ్ తన క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువుల) విభాగాన్ని 2021లో ఎత్తేస్తామంటే పెద్ద గొడవే అయింది. నోబెల్ అందుకున్న నవలాకారిణి టోనీ మోరిసన్ చదివిన విశ్వవిద్యాలయం అది.

ఆల్ఫరెట్టా బాబాయ్:
మేష్టారూ, చరిత్ర బాగుంది. కానీ ఆడపిల్ల విషయం. ఆ ఏరియా మంచిది కాదంటారు అందరూ. మనవాళ్ళు ఒక్కరూ ఉండరు. టెక్ పక్కనే ఉండగా ఇదెందుకమ్మా?

గుంటూరు లైబ్రరీ:
బాబాయ్ గారూ, ‘ఆ ఏరియా’, ‘ఆ పిల్లలు’ అన్న మాటలు మా నాన్న హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఆయన గురించి కూడా అన్నారు. ఎవరు అన్నారో చెప్పక్కర్లేదు. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని అనుకుంటాను. ఇంకో సంగతి. 1946లో అంబేద్కర్ డూబోయ్స్‌కి ఉత్తరం రాశారు. అమెరికా నల్లవారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని, అంటరానివారి స్థితికీ వారి స్థితికీ చాలా పోలిక ఉందని. డూబోయ్స్ జవాబు కూడా రాశాడు. ఆ డూబోయ్స్ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన అట్లాంటా యూనివర్సిటీయే ఇప్పటి క్లార్క్ అట్లాంటా. స్పెల్‌మన్‌కి పక్కనే. రెండు కాలేజీల పిల్లలూ వాడే లైబ్రరీ ఒకటే. మనవాళ్ళకి అక్కడ పనేమిటి అన్నదానికి నా జవాబు ఇది.

పాత మేష్టారు:
భద్రత గురించి వాట్సాప్ మాటలు వద్దు. క్లెరీ చట్టం ప్రకారం అమెరికాలో దాదాపు ప్రతి కాలేజీ తన క్యాంపస్ నేరాల లెక్కను ఏటా బయటపెట్టాలి. స్పెల్‌మన్‌ది, టెక్‌ది, యూజీఏది మూడూ దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లల సంఖ్యలో తేడా గుర్తుంచుకుని చూడండి.

ఒంటరితనం మాత్రం నిజమైన ప్రశ్న. నల్లజాతి కాలేజీలన్నీ కలిపి చూస్తే విద్యార్థుల్లో దాదాపు నాలుగో వంతు నల్లవారు కానివారే. అయితే ఆ సగటు స్పెల్‌మన్‌కి వర్తించదు. అక్కడ ఇంచుమించు అందరూ నల్ల అమ్మాయిలే. చేరడానికి జాతి అడ్డం కాదు, కానీ మీ అమ్మాయి లెక్కకి దొరికే కొద్దిమందిలో ఒకతె అవుతుంది. ఆ చోటు ఆమెని మధ్యలో పెట్టి కట్టింది కాదు. అక్కడ చర్చ వాళ్ళ చరిత్ర చుట్టూ, వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతుంది. వినడం వచ్చిన పిల్లకి అది వరం. ప్రతిదానికీ ‘మాక్కూడా ఇలాగే’ అని అడ్డొచ్చే పిల్లకి కష్టం. మీరు నిర్ణయించకండి, ఆమెనే అడగండి. ఏదో ఒక పనిరోజున సెలవు పెట్టి, టూరుతో సరిపెట్టకుండా, కాలేజీ ఒప్పుకుంటే ఒక క్లాసులో కూర్చోబెట్టండి. కమ్మింగ్ నుంచి ఓ గంట ప్రయాణం.

కమ్మింగ్ అమ్మ:
లైబ్రరీ గారూ, మీ మాట మావారికి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘సరే, ఉద్యోగం సంగతి అడుగు’ అన్నారు.

పాత మేష్టారు:
మీ జార్జియాలో గవర్నర్ పదవికి రెండుసార్లు పోటీచేసిన స్టేసీ ఏబ్రమ్స్ స్పెల్‌మన్‌లో 1995లో డిగ్రీ చేసి, తర్వాత యేల్‌లో లా చదివింది. స్పెల్‌మన్ పక్కనే ఉన్న మోర్‌హౌస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ 1948లో తీసుకున్న బీఏ సోషియాలజీలోనే. అయితే పెద్దల పేర్లు ఎవరికీ జీతం ఇవ్వవు. కాబట్టి పనికొచ్చేది చెప్తాను.

సోషియాలజీతో పాటు గణాంకాలు గట్టిగా చదవమనండి. ఒక్క కోర్సుతో ఆపొద్దు, వీలైతే మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా తీసుకోమనండి. సర్వేలు చేయడం, డేటాని విడదీసి చూడటం, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడటం వస్తే ప్రజారోగ్యం, మార్కెట్ పరిశోధన, ప్రభుత్వ గణాంక శాఖలు ఇవన్నీ తెరుచుకుంటాయి. దేశ ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఉన్నది అట్లాంటాలోనే. ఆ నాలుగేళ్ళలో వేసవులు వృథా పోనివ్వకూడదు, అసలు తేడా అక్కడే వస్తుంది. పక్క కాలేజీల్లో కోర్సులు తీసుకునే సౌకర్యం ఉంది, వాడుకోమనండి. ఇంజనీరింగ్ మీద ఆశ చావకపోతే, స్పెల్‌మన్‌లో మూడేళ్ళు, జార్జియా టెక్ లాంటి చోట రెండేళ్ళు చదివి రెండు డిగ్రీలు తీసుకునే దారి కూడా ఉంది. కానీ దానికి మొదటి సెమిస్టర్ నుంచే కాల్కులస్, ఫిజిక్స్ కావాలి.

డాక్టరు వేపు:
నేను మెడికల్ రెసిడెంట్‌ని. ఒక్క మాట. ప్రీ-మెడ్ (మెడిసిన్‌కి ముందు చదువు) అనేది మేజర్ కాదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి అవసరమైన కోర్సులు పూర్తిచేస్తే సోషియాలజీ మేజర్‌తోనూ మెడిసిన్‌కి వెళ్ళొచ్చు. మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీలకి ఒక పూర్తి భాగం ఉంది. దాని మీద కోచింగులకి డబ్బు పోసినవాళ్ళం మేం. న్యూ ఆర్లియన్స్‌లోని జేవియర్ అనే నల్లజాతి కాలేజీకి పిల్లల్ని మెడికల్ స్కూళ్ళకి పంపడంలో దేశంలోనే పేరు. అమ్మాయి మనసు అటు తిరిగితే అది కూడా చూడండి.

కమ్మింగ్ అమ్మ:
ఖర్చు సంగతి? ప్రైవేటు కదా. మేం ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాం.

పాత మేష్టారు:
అమ్మాయి సిటిజన్. కాబట్టి ఫాఫ్సా (కేంద్ర ప్రభుత్వ ఆర్థికసాయం దరఖాస్తు) నింపొచ్చు, మీ వీసా దానికి అడ్డం కాదు. జార్జియా హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్పులు రాష్ట్రంలోని అర్హమైన ప్రైవేటు కాలేజీల్లోనూ చెల్లుతాయి, స్పెల్‌మన్ వాటిలో ఒకటి. కానీ యూజీఏలో తగ్గినంత ఫీజు ఇక్కడ తగ్గదు. ప్రైవేటులో ఇచ్చేది ఒక నిర్ణీత మొత్తమే, ఫీజు దానికి చాలా రెట్లు. ట్యూషన్ ఈక్వలైజేషన్ గ్రాంట్ అని ఇంకొకటి చిన్నది ఉంది. రాష్ట్ర నివాసం లెక్క మీ వీసాతో ఎలా చూస్తారో కాలేజీ ఆఫీసునే రాతపూర్వకంగా అడగండి. కాలేజీ సైటులో నెట్ ప్రైస్ కాల్కులేటర్ ఉంటుంది, మీ ఆదాయం వేసి చూస్తే దాదాపు ఎంత పడుతుందో చెప్తుంది. మీ ఇద్దరిదీ ఐటీ జీతమైతే అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం మీద ఆశ పెట్టుకోకండి. మెరిట్ స్కాలర్‌షిప్పే చూసుకోవాలి.

ఖమ్మం కుర్రోడు:
అన్నా, నాది ఇంటర్ ఎంఈసీ. నేను ఇక్కడ్నుంచి స్పెల్‌మన్‌కి రావాలంటే ఎట్ల?

వీసా అక్క:
తమ్ముడూ, స్పెల్‌మన్ నీకు కుదరదు, అది ఆడపిల్లల కాలేజీ 🙂 మోర్‌హౌస్ మగపిల్లలది, హోవర్డ్, ఫిస్క్ అందరివీ. నీకు ఫాఫ్సా లేదు, హోప్ లేదు. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) రావాలంటే కనీసం మొదటి ఏడాది ఖర్చంతా చూపించాలి, విదేశీ విద్యార్థుల నమోదుకి కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు వేరే. చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. సోషియాలజీకి మామూలుగా ఆ పొడిగింపు రాదు. ఎకనామిక్స్‌లో అయితే ఐ-20 మీద ఏ సబ్జెక్టు కోడ్ పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. చేరకముందే అడుగు, చేరాక ఏడవకు. అక్రెడిటేషన్ (కాలేజీకి గుర్తింపు) కూడా చూసుకో. అట్లాంటాలోనే ఉన్న మోరిస్ బ్రౌన్ కాలేజీ 2002లో గుర్తింపు పోగొట్టుకుంది, తిరిగి తెచ్చుకునేసరికి 2022 అయింది. అమెరికా విద్యాశాఖ జాబితాలో పేరు ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. కన్సల్టెన్సీ వాడు చెప్పాడని ఊరుకోకు.

ఖమ్మం కుర్రోడు:
థాంక్స్ అక్కా. హోవర్డ్ ఎకనామిక్స్ చూస్తా. కోడ్ అడుగుతూ మెయిల్ పెడుతున్న.

కమ్మింగ్ అమ్మ:
అందరికీ దణ్ణాలు. మావారు మెత్తబడ్డారు, టూరుకి ముగ్గురం వెళ్తున్నాం. ఆఖరి సందేహం. అమ్మాయి ఎర్లీ డెసిషన్ పెడతానంటోంది. పెట్టనివ్వమంటారా?

పాత మేష్టారు:
వద్దమ్మా. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరతానని ముందే మాటిచ్చినట్టు. మిగతా కాలేజీలు ఎంత సాయం ఇస్తాయో పోల్చుకునే వీలు పోతుంది. మీకిప్పుడు కావలసింది ఆ పోలికే. ఎర్లీ యాక్షన్‌లో పెట్టించండి, దానికి అలాంటి కట్టుబాటు లేదు. టెక్, యూజీఏ ఉత్తరాలు కూడా వచ్చాక మూడు కాలేజీల ఖర్చు లెక్కలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.